ఆరు గంటల ఆటకి ఏ డిస్కు

పండు ఆ ఆదివారం ఆరున్నరకే లేచి కూర్చుంది. లిఫ్టులు బాగుచేసే మనిషికి వారానికి దొరికేది ఒక్క సెలవు. ఆ రోజు తొమ్మిదిదాకా ముసుగు తియ్యదని ఇంట్లో పేరు. అలాంటి పిల్ల పొద్దున్నే ముందు గదిలో మఠం వేసుకుని, చేతిలో స్క్రూడ్రైవరుతో కనబడేసరికి వాళ్ళమ్మ దగ్గరికొచ్చి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. పిల్ల అంటే ముప్ఫై నాలుగేళ్ళ పిల్ల.

"జ్వరమేం లేదే."

"అమ్మా, అడ్డు లే. వెలుతురు రావట్లేదు."

పండు ముందు ఒక పాత కంప్యూటరు ఉంది. ఏదో ఆఫీసులో లిఫ్టు చూడ్డానికి వెళ్ళినప్పుడు, వాళ్ళు పారేస్తుంటే అడిగి తెచ్చుకుంది. ఇంట్లో ఉన్న వీడియోలు, పాటలు, ఫోటోలు అన్నీ ఒక పెద్ద డిస్కులో సర్ది, టీవీ ముందు కూర్చుని రిమోటు నొక్కితే కావలసింది వచ్చేటట్టు చెయ్యాలని రెండు నెలలుగా దానితో కుస్తీ పడుతోంది. పండు దాన్ని సర్వరంటుంది. వాళ్ళమ్మ ఆ డబ్బా అంటుంది.

పోయిన ఆదివారం ఆ డబ్బా ఇంటిల్లిపాది ముందూ పండు పరువు తీసింది. అక్క కూతురు స్కూల్లో పాడిన పాట పెడితే, పిల్ల నోరు తెరిచి రాగం అందుకునే చోట టీవీ బిగుసుకుపోయింది. ఎంత తట్టినా లేవలేదు. విప్పి చూస్తే తప్పంతా పెన్‌డ్రైవుది. సర్వరుని నడిపించే సరుకంతా ఆ వేలెడంత పెన్‌డ్రైవులో పెట్టింది పండు. పెట్టమని సలహా ఇచ్చింది బావ. బావకి కళ్ళజోళ్ళ షాపుంది, లోకంలో ఉన్న ప్రతి వస్తువు గురించీ ఒక సలహా కూడా ఉంది. ఆ పెన్‌డ్రైవు మీద రాత్రీ పగలూ ఏదో ఒకటి రాసుకుంటూనే ఉంటుంది మెషీను. దానికా ఓపిక లేదు, రెండు నెలలకే చేతులెత్తేసింది.

అప్పుడు వాళ్ళ నాన్న అన్న మాటే పండుని వారమంతా నిద్రపోనివ్వలేదు. "ఆట మధ్యలో ఆగిపోయింది," అన్నాడు ఆయన. అంతే అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆయన ముప్ఫై ఒక్క ఏళ్ళు సినిమా థియేటరులో ఆపరేటరు. పైన గదిలో నిలబడి ప్రొజెక్టరుకి రీళ్ళెక్కించిన మనిషి. ఊళ్ళో అందరికీ ఆయన ఆపరేటరుగానే తెలుసు. ఆయన చేతి మీద ఒక్క ఆటా మధ్యలో ఆగలేదు, ఒక్క ఆటా ఒక్క నిమిషం ఆలస్యంగా మొదలవలేదు. ఆరుగంటల ఆటంటే ఆరుకి తెర లేవాల్సిందే. జనం ఆయన ఆట చూసి గడియారాలు సరిచేసుకునేవారని చెప్పుకుంటారు. చెప్పుకునేది ఎక్కువగా ఆయనే.

అదే థియేటరులో కింద బుకింగ్ గదిలో కూర్చుని టిక్కెట్లిచ్చింది పండు వాళ్ళమ్మ, ఇరవై రెండేళ్ళు. ఆట మొదలయ్యాక కూడా పావుగంటసేపు కిటికీ తెరిచే ఉంచాలి, ఆలస్యంగా వచ్చేవాళ్ళ కోసం. అది మూసి, తాళం వేసి, చీకట్లో తడుముకుంటూ వెనక వరసలో కూర్చుని పక్కవాళ్ళని అడిగేది, "ఎంత అయిపోయింది?" అని. ఇరవై రెండేళ్ళలో ఆవిడ ఒక్క ఆటా మొదటినుంచి చూడలేదు. కొత్తల్లో ఒకసారి, "నాకోసం ఒక్క పదినిమిషాలు ఆపకూడదూ?" అని మొగుణ్ణి అడిగిందట. "ఆట ఎవరికోసమూ ఆగదు," అన్నాడట ఆపరేటరు. ఆ మాట ఆవిడ ఈనాటికీ కూరలో ఉప్పెక్కువైనప్పుడల్లా గుర్తు చేస్తుంది.

థియేటరు మూసేసి ఆరేళ్ళయింది. అయితే ఆపరేటరు దగ్గర ఒక వీడియో కెమెరా ఉండేది. ఏడాదికోసారి దానితో థియేటరుని తీసేవాడు. అలా ఇరవై ఆరు టేపులున్నాయి. ఆట మొదలయ్యే వేళ ఆయన చేతులు ఖాళీ ఉండవు గనక ఇరవై అయిదు టేపులూ ఇంటర్వెల్లో పై గది కిటికీలోంచి తీసినవే. వాటినిండా జనం వీపులూ బట్టతలలూ తప్ప ఇంకేం లేవు. ఇరవై ఆరో టేపు మాత్రం ఆఖరి రోజుది. ఆ రోజు కెమెరాని నడవలో కుర్చీమీద పెట్టి, నొక్కి, పైకి పరుగెత్తాడు. దీపాలారడం, గంట మోగడం, తెర లేవడం, అన్నీ దాన్లో ఉన్నాయి. ఆ సమయానికి అమ్మ ఎప్పటిలాగే కిటికీ దగ్గరుంది.

ఆ టేపులన్నీ ఈమధ్యే ఒక షాపులో ఇచ్చి కంప్యూటరులోకి ఎక్కించుకుంది పండు. షాపువాడు టేపుల సంచీ తిరిగిస్తూ, ఇవి ఇంక పనికిరావు, పొడిరాలిపోతున్నాయన్నాడు. వాడు ఎక్కించిచ్చింది పండు కొనిచ్చిన చిన్న ఎస్ఎస్‌డి డిస్కులోకి. అంటే ఇప్పుడు ఆ ఇరవై ఆరూ భూమ్మీద ఉన్నది ఆ ఒక్క డిస్కులోనే.

ఈ సాయంత్రం ఆరుగంటలకి ముందు గదిలో ఆట. అమ్మ మొదటి వరసలో కూర్చోవాలి, తెర లేవడం చూడాలి. ఇది ఆపరేటరు పెట్టిన ముహూర్తం. పైకి చెప్పడుగానీ వారంనుంచి ఆయన కాళ్ళు నేలమీద లేవు.

న్యూస్‌పేపరు మీద మూడు డిస్కులు వరసగా పెట్టింది పండు. కొత్త పెన్‌డ్రైవు ఒకటి, బావ వదలకుండా అంటగట్టింది. అరచేతిలో ఇమిడే పలచటి ఎస్ఎస్‌డి ఒకటి, టేపులున్నది. బావ పాత లాప్‌టాప్ లోంచి పీకిన హార్డు డిస్కు ఒకటి. పక్కన ఇటుకంత బరువున్న పెద్ద డిస్కు. సినిమాలుండేది దాన్లో. దాని సంగతి తేలిపోయింది. తేలవలసింది, మెషీనుని నడిపించేది ఈ మూడింట్లో ఏదని.

ఆపరేటరు ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "నాకు మళ్ళీ చెప్పు. అన్నీ ఆ పెద్దదాన్లోనే పెట్టేస్తే ఏం?"

"మెషీను చెడితే సినిమాలు కూడా చిక్కుల్లో పడతాయి నాన్నా. వేరేగా ఉంటే, ఇది పోయినా ఇంకోటి పెట్టి మళ్ళీ నడిపించుకోవచ్చు."

"అంటే ప్రొజెక్టరు వేరు, రీళ్ళు వేరు."

"అదే!" పండుకి ఒళ్ళు ఝల్లుమంది. బావకి నెలరోజులు చెప్పినా బుర్రకెక్కనిది ఈయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. "పెన్‌డ్రైవు మాట ఎత్తకు. ఈ హార్డు డిస్కు పరీక్ష చేశాను, ఆరోగ్యం బాగానే ఉంది. కానీ నత్త. అదే ఎస్ఎస్‌డి అయితే నువ్వు బటన్ నొక్కి తలెత్తేలోగా సిద్ధం. టేపులు పెద్దదాన్లోకి వెళ్ళాక దీన్ని తుడిచేసి, మెషీనుకి ఇదే పెడతాను."

ఆపరేటరు ఎస్ఎస్‌డిని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. తర్వాత ఊపి విన్నాడు.

"తిరుగుతోందని ఎలా తెలుస్తుంది?"

"దీన్లో తిరిగేదేం లేదు."

"తిరగనిది మెషీనెలా అవుతుందే?" అని తీసి కింద పెట్టేశాడు. హార్డు డిస్కుకి కరెంటిచ్చి చూపిస్తే మాత్రం, గిర్రుమని అది చేసిన చప్పుడుకి ఆయన మొహం చాటంతయింది. "ఇదీ! ఇది బతికుంది."

"నత్త నాన్నా."

పదకొండున్నరకి తన లాప్‌టాప్‌కి అటొకటి ఇటొకటి తగిలించి, ఎస్ఎస్‌డిలోని టేపుల్ని పెద్ద డిస్కులోకి పంపడం మొదలుపెట్టింది. అదీ పాతదే, గంటన్నర పడుతుందని చూపించింది. అప్పుడే ఫోను మోగింది. ఒక ఆస్పత్రిలో లిఫ్టు మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఇరుక్కుంది. సెలవైనా వెళ్ళక తప్పదు. పండు చెప్పులేసుకుంటూ కేకేసింది. "నాన్నా, అక్కణ్ణించి ఇక్కడికి వెళ్తున్నాయి. అన్నీ వెళ్ళిపోయేదాకా కదపకు!"

"ముప్ఫై ఒక్క ఏళ్ళు చూసుకున్నవాణ్ణి, ఇది చూడలేనా?" అన్నాడు ఆపరేటరు.

*

పండు తిరిగొచ్చేసరికి నాలుగూ నలభై. చేతులనిండా గ్రీజు, కడుపులో ఆకలి. ముందు గది గుర్తుపట్టలేనట్టుంది. కుర్చీలు రెండు వరసలు. టీవీ ముందు ఒక తీగ కట్టి, దానికి రింగులతో ఎర్ర దుప్పటి వేలాడదీసింది అమ్మ. "పక్కకి లాగితే జరుగుతుంది, చూడు. మన థియేటరులో లాగే," అని రెండుసార్లు లాగి చూపించింది. బాగుందమ్మా అంటూనే పండు బల్ల దగ్గరికి పరుగెత్తింది. బల్లమీద, ఆపరేటరు థియేటరునుంచి తెచ్చుకున్న రీళ్ళ రేకుపెట్టె. దాన్లో ఎస్ఎస్‌డి, దానిమీద తెల్ల పెన్సిలుతో ఆయన గుండ్రటి అక్షరాలు, "ఖాళీ" అని. పక్కన పెద్ద డిస్కు. దానిమీద, "నిండు. 1 నుంచి 26".

"అయిపోయాయా నాన్నా?"

"ఎప్పుడో. అంతా అటు వెళ్ళిపోయింది."

పండు ఆయన్ని ముద్దుపెట్టుకున్నంత పని చేసింది. చేతులు కడుక్కుని కూర్చుంది. ఎస్ఎస్‌డిని సర్వరులో బిగించింది, కరెంటిచ్చింది, అది అడిగినవన్నీ చకచకా నొక్కుకుంటూ పోయింది. చివరికి ఒక ప్రశ్న వచ్చింది. ఈ డిస్కులో ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా అని. వేలు బటన్ మీద పెట్టింది.

"వెలుగులో చూశావా?" అన్నాడు ఆపరేటరు వెనకనుంచి.

"ఏంటీ?"

"ఎక్కించే ముందు వెలుగులో పట్టి చూడాలి."

"ఖాళీదాన్లో చూడ్డానికేముంటుంది నాన్నా? టైమెంతయిందో చూడు!"

"ఫిల్మ్ చుట్టే చక్రం ఖాళీదైనా చూస్తాం. అంచు వంగి ఉంటే సగంలో ఫిల్మ్ తెగుతుంది. చూడకుండా నేనెప్పుడూ ఎక్కించలేదు, నిన్నూ ఎక్కించనివ్వను." ఆయన అడ్డంగా నిలబడ్డాడు. ససేమిరా కదలడు.

పండుకి ఒళ్ళు మండింది. పళ్ళు నూరుకుంటూ, బిగించిన స్క్రూలన్నీ విప్పి, డిస్కు ఊడదీసి లాప్‌టాప్‌కి తగిలించింది, ఇదిగో చూసుకో అన్నట్టు. తెరమీద వరసగా వచ్చాయి. ఒకటి, రెండు, మూడు... ఇరవై ఆరు.

పండు తెరమీద వేలు పెట్టి మళ్ళీ లెక్కపెట్టింది.

"నాన్నా. ఇది ఖాళీ అన్నావుగా?"

"ఖాళీయేగా? అంతా అటు వెళ్ళాక..."

"వెళ్ళినా ఇక్కడ కూడా ఉంటుంది నాన్నా!"

ఆపరేటరు అర్థంకానట్టు చూశాడు. పాపం, ఆయనకు తెలిసిన లోకంలో ఫిల్మ్ పై చక్రంనుంచి కింది చక్రానికి వెళ్తుంది. కింది చక్రం నిండితే పై చక్రం ఖాళీ. అందులో అనుమానమేముంది? నడిపి నడిపి చేతులకి పట్టిన సంగతి అది.

పండు అప్పటికే పెద్ద డిస్కు తగిలించింది. ఒకటి, రెండు... పదిహేడు. అంతే. పదిహేడుతో ఆగిపోయింది.

"అయిపోయిందని ఎలా అనుకున్నావు?"

"తెర చీకటైంది." ఆయన గొంతు చిన్నదైంది. "తెర చీకటైతే రీలు అయిపోయినట్టే కదా."

గంటసేపు ఎవరూ ముట్టుకోకపోతే ఆ లాప్‌టాప్ నిద్రపోతుంది. వెళ్ళే తొందర్లో ఆ సంగతి చెప్పడం పండు మరిచింది. తప్పు ఆయనదెంతో తనదీ అంతే. బటన్ మీద వేలు ఇంకొక్క రవ్వ కిందికి దిగి ఉంటే అమ్మ చూడాల్సిన తెర ఈపాటికి గాలిలో కలిసిపోయేది. మరుక్షణం పండుకి ఎక్కడలేని నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. నాన్న మెడ వాటేసుకుంది.

"కొంప ముంచబోయిందీ నువ్వే, కాపాడిందీ నువ్వే!"

కానీ ఆపరేటరు ఇంకెక్కడో ఉన్నాడు. "ఉండు ఉండు. ఇక్కడా ఉంది, అక్కడా ఉంది అంటున్నావు. ఒకే ఫిల్మ్ రెండు చోట్లా?"

"అవును."

"రెండూ అసలువేనా? మసకబారదా?"

"ఎన్ని తీసినా అసలే. ఎన్నిసార్లు వేసినా అరగదు."

ఆపరేటరు స్టూలు మీద కూలబడ్డాడు. అరిగిన ఫిల్ములకి అతుకులేస్తూ, గీతలు పడినవాటిని గుడ్డతో తుడుస్తూ ముప్ఫై ఒక్క ఏళ్ళు గడిపిన మనిషి. "ఓరి దీని దుంపతెగ! అరగదూ?" అన్నాడు. ఆయన కళ్ళు మెరిసిపోతున్నాయి. లేచి వెళ్ళి వంటింట్లో ఉన్న భార్యకి చెప్పొచ్చాడు, "అరగదటే!" అని. ఏది అరగదో ఆవిడ అడిగేలోపే తిరిగొచ్చేశాడు.

మిగిలిన తొమ్మిదీ పెద్ద డిస్కులోకి పంపుతూ, ఈసారి లాప్‌టాప్ నిద్రపోకుండా పండు దాని పక్కనే కూర్చుంది. అయిదూ ఇరవై అయిదుకి అయిపోయాయి. ఇరవై ఆరింటినీ ఒక్కొక్కటీ తెరిచి చూపించేదాకా ఆపరేటరు ఒప్పుకోలేదు. వీపులు, బట్టతలలు, వీపులు. ఆఖరిది తెరిచి మొదటి బొమ్మ కనబడగానే చాలన్నాడు. అయిదూ ముప్ఫై అయిదు.

"హమ్మయ్య. ఇప్పుడు తుడిచేస్తాను. ఎస్ఎస్‌డి అయితే ఇరవై నిమిషాల్లో లేస్తుంది. ఆరుకి ఆట!"

"తుడుస్తావా?" అన్నాడు ఆపరేటరు. "రెండు చోట్లా ఉన్నదాన్ని మళ్ళీ ఒక చోటికి తెస్తావా?"

పండు చెయ్యి ఆగింది. ఈమాట తనకెందుకు తట్టలేదు? టేపులు పొడైపోయాయి. రేపు ఆ పెద్ద డిస్కు మూలిగిందంటే?

"మరి మెషీనుకి ఏది పెట్టను నాన్నా? పెన్‌డ్రైవు పెట్టను, చచ్చినా పెట్టను. మిగిలింది బావ నత్త. దాన్లోకి ఎక్కించాలంటే ఆరు దాటిపోతుంది."

ఆపరేటరు గోడ గడియారం వైపు చూశాడు. ఆయన మొహంలో జరుగుతున్న యుద్ధం పండుకి స్పష్టంగా కనబడుతోంది. ముప్ఫై ఒక్క ఏళ్ళ పేరు. ఒక్క నిమిషం తేడా లేని పేరు.

"మెషీను పోతే ఇంకో మెషీను తెచ్చుకుంటాం," అన్నాడు నెమ్మదిగా. "రీలు పోతే ఎక్కణ్ణించి తెస్తాం? ఆ గిర్రుమనేదే పెట్టు."

"లేటవుతుంది నాన్నా."

"అవనీ."

ఆ మాట ఆయన నోట వినడం పండుకి అదే మొదలు. ఇంక ఆగలేదు. లిఫ్టులో మనుషులు ఇరుక్కున్నప్పుడు కూడా అంత వేగంగా స్క్రూలు తిప్పలేదు. పండు చెయ్యి చాచడం, ఆపరేటరు చేతిలో స్క్రూ పెట్టడం, ఇద్దరూ ఒక్క మాట అనుకోకుండా పని సాగిపోయింది. హార్డు డిస్కు గిర్రుమని లేచింది. ఎస్ఎస్‌డి మీది "ఖాళీ"ని ఉమ్మితో తుడిచేసి "నిండు" అని రాసి, ఆపరేటరు దాన్ని బీరువాలో పట్టుచీరల మధ్య దాచొచ్చాడు.

*

ఆరుకి పది నిమిషాలుందనగా జనం రావడం మొదలైంది. గేటు బాబాయి వచ్చాడు. థియేటరులో టిక్కెట్లు చింపినవాడు. గుమ్మంలో నిలబడి అందరినీ టిక్కెట్టేదని గదమాయిస్తున్నాడు. అక్కా, పిల్లా వచ్చారు. బావ వస్తూనే, "మరదలా, పెన్‌డ్రైవే పెట్టావుగా?" అని అడిగి, తన పాత డిస్కు పెట్టారని తెలిశాక, తను మొదట్నుంచీ చెబుతున్నది అదేనన్నాడు.

అమ్మ కాలు ఒకచోట నిలవడం లేదు. వచ్చినవాళ్ళని కూర్చోబెడుతోంది, పక్కింటివాళ్ళని పిలుస్తోంది, కుర్చీలు చాలక పెరట్లోంచి మోస్తోంది. మొదటి వరసలో మధ్య కుర్చీ ఖాళీగానే ఉంది.

ఆరయింది. ఆపరేటరు గడియారం వైపు వీపు తిప్పి నిలబడ్డాడు. డిస్కు గిర్రుమంటోంది, పని మాత్రం తాపీగా చేస్తోంది. ఆరూ అయిదు. గేటు బాబాయి దీపాలార్పేశాడు. ఆరూ ఎనిమిది. "ఆపరేటరూ, లేటు!" అని వెనకనుంచి ఈల వేశాడు. జన్మలో ఆయన్ని ఆ మాట అనే అవకాశం వస్తుందనుకోలేదు మరి, రెండుసార్లు వేశాడు. ఆపరేటరు చెవులు ఎర్రబడ్డాయి. పండు రిమోటు పట్టుకుని, దుప్పటి అంచు ఎత్తి టీవీలోకి చూస్తోంది.

ఆరూ పన్నెండు. పేర్లన్నీ వరసగా ఎక్కాయి. ఇరవై ఆరు.

"నాన్నా, వచ్చేసింది!" అని గుసగుసగా అరిచి పండు రిమోటు ఆయన చేతిలో పెట్టింది.

సరిగ్గా అప్పుడే ఆఖరి కుర్చీ పక్కింటి ముసలాయనకి వేసి, వాకిలి తలుపు మూసి, అమ్మ చీకట్లో తడుముకుంటూ లోపలికొచ్చింది. మధ్య కుర్చీ వెతుక్కుని కూర్చుంది. పక్కకి వంగి, అలవాటు కొద్దీ అడిగింది.

"ఎంత అయిపోయింది?"

ఆరుకే మొదలై ఉంటే ఈవిడ ఈసారి కూడా వాకిట్లోనే ఉండేది.

"ఏమీ అయిపోలేదు," అన్నాడు ఆపరేటరు. "నువ్వు కూర్చున్నావుగా, ఇప్పుడు మొదలు."

గేటు బాబాయి ఎర్ర దుప్పటిని పక్కకి లాగాడు. టీవీలో థియేటరు నిండుగా ఉంది. గోడల మీది దీపాలు ఒక్కొక్కటే ఆరాయి. గంట మోగింది. తెర కింది అంచునుంచి వెలుగు పాకి, అంత పెద్ద తెర కుచ్చులు కుచ్చులుగా ముడుచుకుంటూ పైకి లేచింది. పైపైకి వెళ్ళి కప్పులో మాయమైంది.

అమ్మ నోటిమీద చెయ్యి పెట్టుకుంది. "పైకా!" అంది. "ఇన్నాళ్ళూ పక్కకి జరుగుతుందనుకున్నాను."

ఎవరూ నవ్వలేదు. బావ కూడా నవ్వలేదు. టీవీలో బొమ్మ మొదలవబోతోంది. అమ్మ వెనక్కి తిరిగి, చీకట్లో నిలబడ్డ మొగుడి వైపు చూసింది.

"ఏమండీ, ఆపి మళ్ళీ మొదట్నుంచి వెయ్యరూ?"

ఆపరేటరు పండు వైపు వంగాడు. "అరగదుగా?"

"అరగదు నాన్నా."

ఆయన ఆట ఆపి, మళ్ళీ మొదట్నుంచి వేశాడు.